బంగారక్కను తీసెయ్యొద్దు

ధర్మవరం అంటే మనోళ్లకు పట్టుచీరలే గుర్తు. బెంగళూరు నుంచి రైల్లో పోయి అక్కడ దిగి, ఆటో ఎక్కితే నిమ్మలకుంట వస్తుంది. మగ్గాల ఊరి పక్కనే తోలుబొమ్మల ఊరు. మనవాళ్లు ఎవరైనా ఆ దారిన పోతే ఒక పూట అక్కడ ఆగాలని ఇది రాస్తున్నా.

ఇళ్ల ముందర మేకతోలు పని జరుగుతా ఉంటుంది. తోలు నానబెట్టి, బొచ్చు గీకి, లాగి కట్టి ఆరబెడతారు. ఆరినాక వెలుతురు అవతలికి కనిపించేంత పల్చనవుతుంది. దానిమీద బొమ్మ గీసి, చిన్న ఉలులతో చిల్లులు కొట్టి, రెండు పక్కలా రంగులేస్తారు. తల, చేతులు, కాళ్లు వేరుగా కోసి దారంతో ముడేస్తారు. అందుకే అవి కదుల్తాయి. నేను చూసిన రావణుడు నా ఎత్తు ఉన్నాడు.

ఈ ఊరి దళవాయి చలపతిరావుగారికి 2020లో పద్మశ్రీ ఇచ్చినారు. పేరైతే వచ్చింది. కానీ ఆ తోలుతో ఇప్పుడు ఎక్కువగా చేసేది దీపాల మీద పెట్టే గూళ్లు, గోడకు తగిలించే బొమ్మలు.

"ఎవరన్నా పిలిస్తేనే ఆట అన్నా. లైటు గూడు చేస్తే ఎప్పుడైనా అమ్ముకోవచ్చు" అన్నాడు నా ఈడు కళాకారుడు ఒకాయన. ఆ మాట కాదనలేం. పొయ్యి వెలగాల కదా.

ఒకప్పుడు ఆట తెల్లవార్లూ సాగేది. తెల్లగుడ్డ వెనక దీపం, హార్మోనియం, మృదంగం, తాళాలు. యుద్ధం వస్తే కాళ్లకింది చెక్కలు దడదడ తొక్కేవాళ్లు. ఇప్పుడు పిలిచేవాళ్లు గంటలో ముగించమంటారంట. అప్పుడు మొదట తెగేది ఎవరని అడిగినా. "నవ్వించేవాళ్లే" అన్నాడు. అంటే కేతిగాడు, జుట్టుపోలిగాడు, బంగారక్క.

నాకు ఇదే సరిగా తోచలేదు. రాముడు ఆ కాలం మనిషి. పద్యంలో మాట్లాడతాడు. బంగారక్క ఎప్పుడూ ఈ కాలం మనిషే. మన మాటే మాట్లాడుతుంది. కథ మధ్యలో దూరి నిద్ర వదిలించి, ఊరి సంగతులు ఎత్తిపొడుస్తుంది. కొత్తతరాన్ని కూచోబెట్టాలంటే ఆమె కంటే దిక్కెవరు? కొంచెం బూతు ఉంటే తగ్గించుకోవచ్చు, మనిషినే తీసెయ్యకూడదు. కన్నడం వాళ్ల తొగలు గొంబెయాటలో కూడా బంగారక్క ఉంది. మన పక్కింటోళ్లు కూడా గుర్తుపడతారు.

ఇంకో సంగతి. ఈ ఆట ఆడే కుటుంబాలు ఇంట్లో మాట్లాడేది మరాఠీ. ఎప్పుడో అటునుంచి వచ్చినవాళ్లు. అయినా తెలుగు రామాయణం పద్యాలు నోటికి పట్టి, తరాల తరబడి ఊరూరా మోసినారు. మనం తెలుగోళ్లమై ఉండి, మన పిల్లలకు తెలుగు మాట అందకుండా పోతా ఉంది.

అందుకే కాలనీ పెద్దలకు నా మనవి. వచ్చే పండక్కి ఆర్కెస్ట్రా బదులు ఈ ఆట పిలుద్దాం. గంట కాదు, రెండు గంటలకు డబ్బు మాట్లాడదాం. నవ్వించేవాళ్లను తియ్యొద్దని ముందే చెబుదాం. నీళ్ల ట్యాంకరు, కరెంటు బిల్లు, మన వీధి మోరీ గురించి బంగారక్క చెవిన వేద్దాం. మిగతాది ఆమె చూసుకుంటుంది.