మోటారు తీసి కడ్డీ పెట్టినాము

మా తాత దగ్గర విల్లీస్ రకం జీపు ఒకటి ఉండేది. స్వాతంత్ర్యం వచ్చిన కొత్తల్లో మహీంద్రావాళ్ళు మన దేశంలో బిగించడం మొదలుపెట్టిన జీపుల జాతి అది. డ్రైవరు పక్కన నేలమీద మూడు కడ్డీలు. ఒకటి మామూలు గేర్లకు, ఇంకోటి ముందు చక్రాలను కలపడానికి, మూడోది వేగం తగ్గించి బలం పెంచడానికి. ఇంగ్లీషు పేర్లు ఇంట్లో ఎవరికీ తెలీవు. పెద్దకడ్డీ, ముందుకడ్డీ, బలంకడ్డీ అనేవాళ్ళు. కోలారు పక్క కన్నడ బడిలో చదివిన నాకు ‘ట్రాన్స్‌ఫర్ కేస్’ అనే మాటకంటే ‘బలం ఎయ్యి’ అనే మాటే ముందు తెలుసు.

ఆ కేస్ చేసే పని పెద్ద మర్మమేం కాదు. గేర్‌బాక్సు నుంచి వచ్చే తిప్పుడును వెనక చక్రాలకే పంపాలా, ముందు చక్రాలకు కూడా పంచాలా అని చూసుకునే డబ్బా అది. దాంట్లోనే ఇంకో పళ్ళజత ఉంటుంది. అది పడితే బండి మెల్లగా కదుల్తుంది, కానీ చక్రాలకు చేరే బలం మా బండిలో దాదాపు రెండున్నర రెట్లవుతుంది.

ఇప్పుడు మా చిన్నాయన దగ్గరుండే బండిలో ఈ పనికి కడ్డీ లేదు. డ్యాష్‌బోర్డు మీద ఒక గుండ్రటి స్విచ్చి. దాన్ని తిప్పితే కంట్రోలు పెట్టెకు కబురు పోతుంది. ఆ పెట్టె కేస్‌కు బిగించిన చిన్న మోటారును తిప్పుతుంది. మోటారు లోపలి ఇరుసును తిప్పితే, ఫోర్కు జరిగి గేరు పడుతుంది. ఎక్కడ పడిందో తిరిగి చెప్పడానికి మోటారులోనే ఒక సెన్సరు. బాగున్నన్నాళ్ళు హాయిగానే ఉండింది.

ఇంత బలం మాకెందుకంటే దారి వల్ల. మా తోటకు పోయే దారి చెరువు అంచున ఉంది. ఏండ్ల తరబడి ఆ చెరువు ఎండిపోయుండె, దాంట్లో క్రికెట్ ఆడుకున్నాం. 2018 నుంచి కె.సి. వ్యాలీ పథకంలో బెంగళూరు మురుగునీళ్ళు శుద్ధి చేసి కోలారు చెరువులకు వదుల్తున్నారు. మా చెరువులో కూడా నీళ్ళు నిలిచినాయి, బోర్లలో ఊట పెరిగింది. దాంతోపాటు దారి బురదైపోయింది.

చిన్నాయన పట్టుపురుగులు పెంచుతాడు. గూళ్ళు చంద్రికల్లోంచి తీసినాక ఆలస్యం చెయ్యడానికి లేదు. ఇంకొన్నాళ్ళు పోతే లోపలి పురుగు చిలకై గూడు తొలుచుకొని బయటికొస్తుంది, దారం తెగిపోతుంది. గూళ్ళు తడిసినా శిడ్లఘట్ట మార్కెట్టులో ధర పడిపోతుంది. పోయిన వానాకాలం నిండా గూళ్ళేసుకొని వస్తుంటే సరిగ్గా ఆ బురదలో స్విచ్చి తిప్పినాడు. దీపం మిణుకుమంది, గేరు పడలేదు. పక్కింటోళ్ళ ట్రాక్టరు వచ్చి లాగేసరికి చీకటి పడింది.

విప్పి చూస్తే మోటారులోకి మట్టినీళ్ళు పోయి సెన్సరు కాంటాక్టులు పాచిపట్టినాయి. గేరు ఎక్కడుందో తెలీక కంట్రోలు పెట్టె ఏ పనీ చెయ్యకుండా నిలబడిపోయింది. కొత్త మోటారు వేస్తామన్నారు. అది నడవాల్సింది కూడా అదే బురదలో కదా. చిన్నాయన ఒకే మాటన్నాడు: “దీపం వెలిగితే ఏం లాభంరా అబ్బయ్యా? పన్ను పడిందో లేదో నా చేతికి తెలియాల.”

నేను సాఫ్ట్‌వేర్ టెస్టరును. తెరమీద ‘అయిపోయింది’ అని కనిపించడం వేరు, పని నిజంగా జరగడం వేరు. ఆ రెంటికీ మధ్య సందు వెతకడమే నా జీతం. చిన్నాయన చెప్పింది కూడా అదే.

చింతామణిలో పాత జీపులు చేసే మెకానిక్కు ఒకాయన ఒప్పుకున్నాడు. మోటారు విప్పేస్తే కేస్‌లోంచి ఇరుసు కొస బయటికి కనిపిస్తుంది. లేత్‌లో ఆ కొసకు సరిపోయే కాలరు చేయించి, దానికి చెయ్యిలాంటి పట్టీ వెల్డింగు చేసినాడు. పట్టీనుంచి ఒక రాడ్డు, పైన సీటు పక్కన కడ్డీ. నేలకు చేసిన రంధ్రానికి రబ్బరు తొడుగు, బయటికొచ్చిన కొసకు బురద తగలకుండా రేకు.

అసలు చిక్కు ఇంకోటి. కడ్డీతో వచ్చే కేసుల్లో గేరును పడిన చోటే పట్టి ఉంచడానికి స్ప్రింగూ గుండూ ఉంటాయి. మా కేస్‌లో పట్టి ఉంచే పని మోటారే చేస్తుండె. మోటారు పోతే అదురుకు గేరు జారిపోవచ్చు. అందుకే కడ్డీ కింద గాట్లు కోసిన ఇనుపపట్టీ, దాని మీద గట్టి స్ప్రింగు పెట్టించినాము. కడ్డీని పైకెత్తితేగాని బలంలోకి పోదు. పరుగులో తెలీక లాగితే పళ్ళు రాలిపోతాయి.

బండిని నాలుగు స్టాండ్ల మీద ఎత్తి, ఇంజను ఆపి, గేర్‌బాక్సు న్యూట్రల్‌లో పెట్టి పరీక్ష చేసినాను. వెనక ప్రొపెల్లర్ షాఫ్టును చేత్తో తిప్పితే, కడ్డీ రెండులో ఉన్నప్పుడు ముందుది దానితో కలిసి తిరక్కూడదు, నాలుగులో కలిసి తిరగాలి. ప్రతి గాటూ యాభై సార్లు మార్చి మార్చి చూసి నోటుబుక్కులో రాసుకున్నాను. ఆఖర్న, ఖాళీ బండితో చెరువు దారిలో.

పోయింది కూడా ఒకటుంది. ముందు పరుగులోనే నాలుగుకు మార్చుకోగలిగేవాళ్ళం. కేస్ లోపలి విద్యుత్ క్లచ్చు ముందు షాఫ్టును వేగానికి తెచ్చేది. ఇప్పుడు దానికి కరెంటు లేదు, బండి ఆపే మార్చాలి. చిన్నాయనకు అది లెక్కలోకి రాలేదు. బురద ముందర ఎలాగూ ఆగి చూస్తాడు కదా.

కడ్డీ గుండు మీద పేర్లు నేనే రాసినాను: రెండు, నాలుగు, బలం. మాటలు తెలుగు, అక్షరాలు కన్నడ. మా ఇంట్లో అందరూ చదవగలిగేది ఆ అక్షరాలే.

పండక్కి వచ్చి బండి తీసుకుపోయే తమ్ముళ్ళకూ మరదళ్ళకూ మూడు మాటలు. బలం వెయ్యాలంటే బండి పూర్తిగా ఆపి, పెద్దకడ్డీ న్యూట్రల్‌లో పెట్టి, అప్పుడు ఎత్తి లాగండి. ఎండిన తారురోడ్డు మీద నాలుగులో నడపొద్దు. మలుపులో ముందు వెనక చక్రాలు తిరిగే లెక్క వేరు, ఆ తేడా అంతా షాఫ్టుల మీద పడుతుంది. గాటులో పడిన టక్కుమనే అదురు చేతికి తగిలేదాకా క్లచ్చు వదలొద్దు.