తెల్లసున్నలు, నల్లచుక్కలు

సూమో అనే మాట చెవిని పడగానే మనవాళ్ళకు నవ్వొస్తుంది. కొండల్లాంటి ఇద్దరు మనుషులు గోచీలు బిగించి పొట్టలతో ఢీకొట్టుకొంటారని అందరికీ తెలిసినంత మాత్రం నాకూ తెలుసు. కోడి రామమూర్తిగారి పేరు చెబితే మా ఉత్తరాంధ్రవాళ్ళకు ఇప్పటికీ ఛాతీ పొంగుతుంది గనక కుస్తీ అంటే నాకు పుట్టుకతో వచ్చిన గౌరవం ఒకటి ఉన్నది. ఆ గౌరవం జపాను జెట్టీల దాకా మాత్రం ఎన్నడూ సాగలేదు.

చెన్నపట్నంలో ఒక కాలేజీలో తెలుగు చెప్పుకొనే నాకు టోక్యోలో ఏం పని అంటారా? పని నాది కాదు, మా ఆవిడది. ఆవిడ తమ్ముడు 2014 నుంచీ అక్కడ కంప్యూటరు ఉద్యోగం చేస్తున్నాడు. మనవాళ్ళు ఎక్కువగా ఉండే నిషికసాయ్ అనే పేటలో కాపురం. కాపురమంటే ఒంటికాయ శొంఠికొమ్మే. నాలుగేళ్ళుగా ఇంటికి రాలేదు. ఫోనులో మాటలు తగ్గిపోయినాయి. “బాగున్నానక్కా అంటాడు. నిజంగా బాగున్నవాడు ఏదో ఒకటి సణుగుతాడు. వీడు సణగడం కూడా మానేశాడు,” అని మా ఆవిడకు బెంగ. అందుచేత 2024 వేసవి సెలవుల్లో ఇద్దరమూ విమానం ఎక్కాము.

మే నెల 12 వ తేదీ ఆదివారం తెల్లవారి ఆరింటికే మా బావమరిది తలుపు తట్టి, “లేవండి బావా, సూమోకు వెళ్ళాలి,” అన్నాడు. సంవత్సరానికి ఆరు పోటీలట. జనవరి, మే, సెప్టెంబరు నెలల్లో టోక్యోలో; మార్చిలో ఒసాకా, జూలైలో నగోయా, నవంబరులో ఫుకుఓకా. ఒక్కొక్కటీ పదిహేను రోజులు. ఆ వేళ వేసవి పోటీకి మొదటి రోజు. పెద్దవాళ్ళ కుస్తీలు సాయంత్రం గాని రావని, జనమంతా మధ్యాహ్నం మూడు దాటాకనే వస్తారని తనే చెప్పాడు. “మరి ఇప్పుడెందుకురా?” అన్నది మా ఆవిడ. “పొద్దున్న చూడకపోతే సాయంత్రం అర్థం కాదక్కా,” అన్నాడు. పదేళ్ళలో వాడు వేదాంతిగా మారాడేమోనని నాకు అనుమానం వేసింది.

సుమిదా నది ఒడ్డున ర్యోగొకు స్టేషను. దిగగానే వీధి పొడుగునా జెట్టీల పేర్లు రాసిన రంగురంగుల పొడవాటి జెండాలు, పక్కనే నిట్రాళ్ళు కట్టి లేపిన ఎత్తయిన మంచె. ఆ మంచె మీద కూర్చొని ఒక మనిషి డోలు వాయిస్తున్నాడు. మన కోవెలలో సుప్రభాత సేవకు వెడుతున్నట్టే అనిపించింది. కొకుగికాన్ అనే ఆ భవనం 1985లో తెరిచినది. సుమారు పదకొండు వేలమంది పడతారు. మేము వెళ్ళేసరికి లోపల జనాన్ని వేళ్ళమీద లెక్కపెట్టవచ్చు.

నడుమ మోకాలెత్తున మట్టి దిమ్మె. దానిమీద గడ్డిమోపులు పాతి గీసిన వలయం, అడ్డంగా 4.55 మీటర్లు. పైన కోవెల కప్పు లాంటి కప్పు ఒకటి గాలిలో వేలాడుతూ ఉంటుంది. నాలుగు మూలలా ఆకుపచ్చ, ఎరుపు, తెలుపు, నలుపు కుచ్చులు. 1952 దాకా అక్కడ స్తంభాలుండేవట. చూసేవాళ్ళకు అడ్డమని తీసేశారు. నియమాలు మా అమ్మాయి ఆడుకొనే తొక్కుడుబిళ్ళ కంటె సులువు. వలయం దాటితే ఓటమి. అరికాలు తప్ప ఒంట్లో మరేది నేలను తాకినా ఓటమి. బరువును బట్టి తరగతులు లేవు. 100 కిలోలవాడికి 180 కిలోలవాడు ఎదురైతే వాడి ఖర్మ.

పొద్దున్న వచ్చేవాళ్ళు అందరికంటె కిందితరగతి పిల్లలు. కొందరు మరీ బక్కపలచగా ఉన్నారు! నల్లటి ముతక గుడ్డ మొలకు చుట్టుకొని వస్తారు. ఒకడి పేరు పిలుస్తారు, ఎక్కుతాడు, వంగుతాడు, రెండు క్షణాల్లో ఎవడో ఒకడు కిందపడతాడు, ఇద్దరూ నమస్కారం పెట్టుకొంటారు, దిగిపోతారు. తీర్పు చెప్పేవాడు కూడా పసివాడే, ఉత్తికాళ్ళతో నిలబడతాడు. ఉప్పు చల్లే వైభవమంతా పైవాళ్ళకే; వీళ్ళకు చిటికెడు ఉప్పు కూడా దక్కదు. మొత్తం జెట్టీలు సుమారు 600 మంది ఉంటే, జీతం ముట్టేది పై రెండు తరగతుల్లోని 70 మందికే. తక్కినవాళ్ళు వస్తాదు ఇంట్లో తిని, అక్కడే పడుకొని, పెద్ద జెట్టీలకు వీపు తోమి, వంటచేసి, గిన్నెలు కడిగి, మిగిలిన వేళలో నేర్చుకొంటారు.

గుమ్మం దగ్గర ఇచ్చిన కుస్తీల జాబితా మీద మా బావమరిది పెన్సిలుతో గుర్తులు పెడుతున్నాడు. గెలిస్తే తెల్లసున్న, ఓడితే నల్లచుక్క. జపానువాళ్ళూ అల్లాగే గుర్తిస్తారట. పైవాళ్ళకు పదిహేను కుస్తీలు. ఎనిమిది సున్నలొస్తే మెట్టు పైకి, ఎనిమిది చుక్కలొస్తే కిందికి. చిన్నవాళ్ళకు ఏడు కుస్తీలే, నాలుగు గెలవాలి. రెండు నెలలకొకసారి కొత్త అంతస్తుల పట్టిక వస్తుంది. దాన్ని తీర్పరులే కుంచెతో రాస్తారు. పై పేర్లు బండగా, కిందికి దిగేకొద్దీ సన్నగా, అట్టడుగున వెంట్రుకల్లా. ఇరవై ఏళ్ళుగా జవాబు పత్రాలు దిద్దుతున్న నాకు ఈ పద్ధతి చూస్తే కొంచెం గుబులు కలిగింది. మా దగ్గర అరమార్కు కలిపి గట్టెక్కించడం ఉన్నది. ఇక్కడ ఎవరూ కలపరు.

మా ఎదట బరి దిగినవాళ్ళలో నలభై దగ్గరపడ్డ మనిషి ఒకడు కనిపించాడు. ఈయన ఇంకా ఇక్కడేమిటి అన్నాను. అందుకు మా బావమరిది హనకజె అనే ఆయన సంగతి చెప్పాడు. ఆయన 1986లో చేరి, 2022లో 51 వ ఏట విరమించాడు. ముప్ఫై ఆరేళ్ళలో ఒక్కనాడూ జీతం దొరికే తరగతికి చేరలేదు. ఆయన ఎందుకున్నాడు, వస్తాదు ఎందుకు ఉంచుకొన్నాడు అన్న ప్రశ్న ఆ రోజంతా నన్ను వదలలేదు.

“ఈ పిల్లలు ఆడుతున్న తరగతిలోనే ఐదేళ్ళ క్రితం ఈనాటి యొకొజున కూడా ఆడాడు బావా,” అన్నాడు వాడు. యొకొజున అంటే జెట్టీలకు చక్రవర్తి. ఆ మెట్టు ఎక్కినవాణ్ణి కిందికి దింపరు, చేతకానప్పుడు తనే తప్పుకోవాలి. ఆ తరవాతి అంతస్తు ఒజెకి. మంగోలియా నుంచి వచ్చిన తెరునొఫుజి 2015లో ఒజెకి అయినాడు. మోకాళ్ళు చెడ్డాయి, చక్కెర వ్యాధి పట్టుకొన్నది. 2017లో ఒజెకి పదవి పోయింది. ఆ తరవాత ఒక్కొక్క మెట్టే జారుతూ, నెలల తరబడి బరికి రాలేక, 2019 మార్చినాటికి జోనిదాన్‌లో పడ్డాడు. అది అట్టడుగునుంచి రెండో తరగతి. ఒజెకిగా ఉన్నవాడు అంత లోతుకు జారడం అంతకుముందు లేదు. మానేస్తానని వస్తాదు ఇసెగహామా దగ్గరకు మళ్ళీ మళ్ళీ వెళ్ళాడట, ఆయన ఒప్పుకోలేదు. ఒసాకాలో పొద్దుటిపూట, ఖాళీ బల్లల ముందు, తనకు వీపు తోమవలసిన వయస్సు పిల్లలతో కలబడి ఏడుకు ఏడూ గెలిచాడు. 2020 జూలైలో పైతరగతిలో మళ్ళీ అడుగుపెట్టి, పెట్టిన ఆ పోటీలోనే కప్పు కొట్టాడు. 2021లో యొకొజున అయినాడు.

“ఆ 2020 జూలై పోటీ మొత్తం చూశాను,” అన్నాడు మా బావమరిది పెన్సిలు చెక్కుకొంటూ. “కరోనా మూలాన నగోయా మానేసి ఇక్కడే పెట్టారు. ఇంట్లోనే ఉన్నాను గదా.”

“ఆఫీసు ఇంటినుంచే చేశావా?” అన్నది వాళ్ళ అక్క.

“ఆఫీసు లేదక్కా. మూసేశారు.”

కింద ఎవడో ధబీమని పడ్డాడు. తీర్పరి కేక వేశాడు. మా ఆవిడ అటు చూడలేదు.

ఎనిమిది నెలలు పని లేకుండా ఉన్నాడట. తరవాత మరొక చోట అందరికంటె కింది ఉద్యోగంలో చేరాడు. పైఅధికారికి ఇరవై ఏడేళ్ళు. వీడికి ముప్ఫై ఎనిమిది. ఇంట్లో ఎవరికీ చెప్పలేదు. “సాయంత్రం ఐదింటికి టీవీ పెట్టడం, ఆయన గెలిచాడా లేదా చూడడం, ఆ పదిహేను రోజులూ నాకదే పని,” అని చెప్పి, “లేవండి, సూప్ తాగుదాం. ఆలస్యమైతే వరస పెరుగుతుంది,” అంటూ తనే లేచాడు.

ఆ సూప్ జెట్టీల వంటకం, చాంకొ అంటారు. ఇక్కడ కోడితో చేస్తారు. కోడి రెండుకాళ్ళ మీద నిలబడుతుంది గదా; నాలుగుకాళ్ళ జంతువు అప్పుడే చేతులు నేలకు ఆన్చి ఓడినట్టు లెక్కట! అక్కాతమ్ముళ్ళు మాట్లాడకుండా తాగారు. చివరికి మా ఆవిడే మాట కలిపింది. అయితే సూమో మీద దండయాత్రతో కలిపింది. “పొద్దుటినుంచీ చూస్తున్నాను, ఆ దిమ్మె మీద ఒక్క ఆడమనిషి కాలు పెట్టలేదేం?” పెట్టకూడదు, ఆచారం. 2018 ఏప్రిల్‌లో మైజురు అనే ఊళ్ళో బరి మీద మాట్లాడుతూ మేయరు కుప్పకూలితే, ప్రాణం నిలపడానికి ఎక్కిన స్త్రీలను దిగిపొమ్మని మైకులో అన్నారు. తరవాత సంఘం పెద్ద క్షమాపణ చెప్పుకొన్నాడు. ఆచారం మాత్రం మారలేదు. “మనిషి ప్రాణం కంటె మట్టికి మడి ఎక్కువా?” అన్నది ఆవిడ. జవాబు నా దగ్గర లేదు. జపానువాళ్ళ దగ్గరా ఉన్నట్టు లేదు.

మూడు దాటాక హాలు నిండింది. జలతారు పని చేసిన పట్టు ముంగుడ్డలు కట్టుకొని పెద్దవాళ్ళు వలయంగా నిలబడ్డారు. తెల్లటి లావుపాటి తాడు నడుముకు కట్టుకొని తెరునొఫుజి వచ్చి, రెండు చేతులూ చాచి, కాలెత్తి నేలను తొక్కితే పదివేల గొంతులు ఒక్కసారి అరిచాయి. చుట్టూ పైన గెలిచినవాళ్ళ నిలువెత్తు పటాలు 32 వేలాడుతున్నాయి. వాటిలో అరడజనుకు పైగా ఆయనవే.

పెద్దవాళ్ళ కుస్తీకి ముందు నాలుగు నిమిషాల తతంగం ఉన్నది. ఉప్పు చల్లుతారు, కూర్చుంటారు, ఒకళ్ళనొకళ్ళు గుడ్లురిమి చూస్తారు, లేచిపోతారు, మళ్ళీ వస్తారు. కలబడితే అర నిమిషం కూడా పట్టదు. మొదట్లో ఇదేం కాలయాపన అనుకొన్నాను గాని, పదో కుస్తీకి ఆ నాలుగు నిమిషాలే అసలు కుస్తీ అనిపించింది. గెలిచినవాడు ఎగరకూడదు, చెయ్యి ఊపకూడదు. తరవాతివాడికి నీళ్ళందించే హక్కు గెలిచినవాడిది. ఓడినవాడు తల వంచి వెళ్ళిపోతాడు.

ఆ వేళ నలుగురు ఒజెకిలు ఉన్నారు. కొతొజకుర కుర్రవాడే; యొకొజునగా వెలిగిన తాతగారి పేరును ఆ పోటీతోనే ధరించాడు. ఓడిపోయాడు. హోషోర్యు ఓడాడు. కిరిషిమ ఓడాడు. తకాకేషో ఓడాడు. నాలుగో నల్లచుక్క పెట్టేసరికి హాలులో ఒక వింత గుసగుస బయలుదేరింది. శకునం చెడ్డప్పుడు పెళ్ళివారింట్లో వినిపిస్తుందే, అటువంటిది.

చివరి కుస్తీ తెరునొఫుజికీ ఓనొసాతొకీ. ఓనొసాతొ వయస్సు 23. వృత్తిలోకి వచ్చి సరిగ్గా ఏడాది. పెద్దముడి వేయడానికి జుత్తయినా ఇంకా పెరగలేదు. ఆ జనవరి 1 వ తేదీన భూకంపంతో అల్లాడిన ఇషికవా జిల్లా వాడు. జనం సగం అతనివైపు. మా బావమరిది పెన్సిలు పక్కన పెట్టి, రెండు చేతులూ మోకాళ్ళ మధ్య ఇరికించుకొని కూర్చున్నాడు. చక్రవర్తి మోకాళ్ళకు రెండింటికీ కట్లున్నాయి.

కుర్రవాడే గెలిచాడు. వద్దని మైకులో ఎంత మొత్తుకొన్నా కింది వరసల్లోంచి దిండ్లు గాలిలోకి లేచాయి. యొకొజున ఓడితే అదొక సంబరం. అంత గోలలో తెరునొఫుజి తన వైపుకు తిరిగి వచ్చి, నిలబడి, పొద్దున్న ఆ బక్కపిల్లలు పెట్టిన నమస్కారమే పెట్టి దిగిపోయాడు. నాకు బరి మీద కంటె పక్కనున్న మనిషి మీదే చూపు పోయింది. వాడు పెన్సిలు తీసి ఐదో చుక్క పెట్టాడు. మిగతా వాటికంటె కొంచెం ఎక్కువ సేపు దిద్దాడనుకొంటాను. మా ఆవిడ వాడి చేతిలోంచి ఆ కాగితం తీసుకొని మడిచి తన సంచిలో పెట్టుకొన్నది.

మర్నాడు తెరునొఫుజి, తకాకేషో ఇద్దరూ దెబ్బలతో పోటీనుంచి తప్పుకొన్నారని తెలిసింది. ఓనొసాతొ పన్నెండు గెలిచి 26 వ తేదీన కప్పు పుచ్చుకొన్నాడు. 2025 మేలో తనూ యొకొజున అయినాడు. తకాకేషో 2024 సెప్టెంబరులోనే విరమించాడు. తెరునొఫుజి 2025 జనవరిలో బరి విడిచాడు. కాని అంతకుముందు ఒక జూలై ఉన్నది.

2024 జూలై 28, ఆదివారం. మధ్యాహ్నం రెండున్నర దాటింది. అక్కడ ఆరు దాటి ఉంటుంది. మేము భోజనాలు చేసి నడుం వాల్చాము. ఫోను మోగింది. నగోయాలో సమానంగా నిలిచిన తకనొషోను విడిగా పెట్టిన కుస్తీలో పడగొట్టి తెరునొఫుజి కప్పు గెలిచాడట. “అక్కా, పదోది! పదో కప్పు!” అని వాడి కేకలు నాకు మంచం మీదికే వినిపించినాయి. కిందటి మాటు ఎల్లా ఓడాడో, ఈ మాటు ఎల్లా పట్టాడో, కాలు ఎక్కడ వేశాడో, ఊపిరి తిప్పకుండా పావుగంట చెప్పాడు. ఆ తరవాత ఆఫీసులో కాఫీ బాగుండదని, పైఅధికారి కుర్రవాడు తలనొప్పి మనిషని, అద్దె పెంచారని కూడా చెప్పాడు.

మా ఆవిడ అన్నిటికీ ఊఁ కొట్టి, “అది సరేగాని, నువ్వు పొద్దున్న ఏం తిన్నావ్?” అన్నది.