పొలిమేర దగ్గర పెళ్లి బండి

మా యానాం వారికి పొలిమేర తనిఖీ కొత్త గాదు. 1954 నవంబరు 1వ తేదీన ఫ్రెంచివారు పాలన అప్పగించి వెళ్లేవరకు, అవతలి వూరికి వెళ్లాలన్నా సుంకంవారికి మూట విప్పి చూపవలసి వచ్చేదని మా పెద్దలు చెప్పేవారు. ఇప్పుడు దేశం ఒకటే, భాష ఒకటే. అయినా మాది పుదుచ్చేరి ప్రభుత్వం. నాలుగడుగులు వేస్తే ఆంధ్రప్రదేశ్. మద్యం మీద పన్ను ఇక్కడొకటి, అక్కడొకటి. తనిఖీకి మూలం అదే.

మొన్న మాఘమాసంలో మా అక్కయ్యగారి అమ్మాయి పెళ్లికి కాకినాడ బయలుదేరాము. అద్దె కారు, వెనుక సారె పెట్టెలు. బండి కదలబోతూ వుండగా డ్రైవరు చేతులు కట్టుకొని నిలబడ్డాడు.

“బాబుగారూ, పెట్టెల్లో సీసాలేమైనా వుంటే యిక్కడే దింపేయండి. పట్టుబడితే మీ పెళ్లి ఆగదండి, నా బండి ఆగిపోద్దండి. దీని వాయిదాలింకా తీరలేదండి.”

మాకు కోపం వచ్చింది. ఇంతలో మా మేనల్లుడు తల వంచుకొని, చీరెల అడుగు నుంచి రెండు సీసాలు తీసి అరుగు మీద పెట్టాడు. మరి మాట్లాడలేకపోయాము.

ఇంజరం వైపు పొలిమేర దాటగానే బండి ఆపారు. యూనిఫారంలో వున్న పోలీసు అడిగితే లైసెన్సు చూపవలసిందే. అది మోటారు వాహనాల చట్టం. చూపించాము. తరువాత వెనుక డిక్కీ తెరవమన్నారు. మా బావగారు దిగారు.

“యానాం నంబరు బండి అయితే దొంగబండేనా? వారంటేదీ?”

ఎస్సై నెమ్మదిగానే జవాబిచ్చాడు. “నంబరు చూసి గాదండి. పెళ్లి సామాను మాటున సరుకు వెళుతోందని పొద్దున సమాచారం వచ్చింది. వారంటు తెచ్చేలోగా బండి వెళ్లిపోతుంది గదా!”

చట్టం కూడా అలాగే వున్నది. ఊరికే ఆపినంత మాత్రాన పెట్టెలన్నీ వెదికే హక్కు రాదు. అనుమానానికి తగిన కారణం వుండాలి. అది వుంటే ఎక్సైజు చట్టం కింద వారంటు లేకుండానే వెదకవచ్చును. 2024 జూలై 1 నుంచి అమలులోకి వచ్చిన భారతీయ నాగరిక సురక్షా సంహిత ప్రకారం సోదాను వీడియో తీయాలి. దొరికిన వస్తువులకు సాక్షుల సంతకాలతో జాబితా వ్రాయాలి. ఆడవారిని సోదా చేయవలసి వస్తే ఆడవారే, మర్యాద తప్పకుండా చేయాలి.

టీ కొట్టు దగ్గర నుంచి యిద్దరిని సాక్షులుగా పిలిచారు. ఒక కానిస్టేబులు ఫోనులో వీడియో తీశాడు. చీరెలు, అరిసెలు, పసుపు కుంకుమలు. అంతకుమించి యేమీ లేవు. ఆ పది నిమిషాలూ మేనల్లుడి ముఖాన నెత్తురు చుక్క లేదు. డ్రైవరు మాత్రం స్టీరింగు మీద చెయ్యి వేసుకొని నిబ్బరంగా కూర్చున్నాడు.

తాళ్లరేవు, కోరంగి దాటినదాకా కారులో యెవరమూ నోరు విప్పలేదు. చివరకు బావగారే అన్నారు: “వారంటు అడగడం మన హక్కే. కాని యివాళ మన పరువు కాపాడింది హక్కు గాదు, డ్రైవరు.”

ముహూర్తానికి అందుకున్నాము. పెళ్లిపందిట్లో మొదటి పంక్తిలోనే ఆ డ్రైవరును మా సరసన కూర్చోబెట్టుకొని భోంచేశాము. వడ్డించినవాడు మా మేనల్లుడు.