అరెకరం అమ్మకు అన్నా

ఇంజినీరింగ్ కౌన్సెలింగ్ రోజులివి. మొన్న రాత్రి మా అన్న ఫోన్ చేసిండు. "చెల్లె, పిలగానికి ర్యాంకు మంచిగ రాలే. మేనేజ్‌మెంట్ సీటు ఇప్పిస్తమని కాలేజోళ్లు ఎంబడి పడ్డరు. అరెకరం అమ్ముదామనుకుంటున్న."

ఆ అరెకరం మా నాయన కూలి పైసలు కూడబెట్టి కొన్నది.

"ఆగన్నా" అన్నాను. మేనేజ్‌మెంట్ సీటుకు ఫీజు రీయింబర్స్‌మెంట్ రాదు. కన్వీనర్ సీటుకే వస్తుంది. ప్రైవేటు కాలేజీల్లో నూటికి 70 సీట్లు కన్వీనర్ కోటావే. ఎప్‌సెట్‌లో ఎస్సీ, ఎస్టీలకు కనీస అర్హత మార్కుల నిబంధన లేదు. నిరుడు ఏ కాలేజీలో, ఏ బ్రాంచిలో, ఏ కేటగిరీకి ఏ ర్యాంకు దాకా సీటొచ్చిందో కౌన్సెలింగ్ వెబ్‌సైట్‌లోనే ఉంటుంది. అందులో మన కేటగిరీ గడి చూసుకోవాలి. ఇష్టమైన వరుసలో వీలైనన్ని ఆప్షన్లు పెట్టుకోవాలి.

ఫోన్ పిల్లవాడికిమ్మన్నాను. "నీకేమిష్టంరా?"

కాసేపు మాట్లాడలేదు. "ఫిజిక్స్, అత్తా. కానీ డిగ్రీ అంటే నవ్వుతరు."

నేను తెలుగు ఎంఏలో చేరినప్పుడూ నవ్వారు. దోస్త్‌లో దరఖాస్తు పెట్టి ప్రభుత్వ కాలేజీలో బీఎస్సీ చదవొచ్చు. ఆ తర్వాత జామ్ రాసి ఐఐటీలో, సీయూఈటీ పీజీ రాసి సెంట్రల్ యూనివర్సిటీలో ఎమ్మెస్సీ చేయొచ్చు. అక్కడ ఎప్‌సెట్ ర్యాంకు ఎవరూ అడగరు.

పొద్దున తండ్రీకొడుకులు డిగ్రీ కాలేజీకి బయలుదేరారు. ముందు ఫిజిక్స్ ల్యాబు తాళం తీస్తున్నారో లేదో సీనియర్లను అడగమన్నాను.

తమ్ముళ్లూ, చెల్లెళ్లూ, ఈ వారం మీ వాడకు పోండి. ఆప్షన్లు పెట్టే పిల్లల పక్కన కూర్చోండి. ఏజెంటు కంటే ముందు మనం పోవాలె.