అడవి దారిలో ఆగిన కారు

ఎండాకాలం భద్రాచలం వెళ్లాలంటే తెల్లారకముందే బయల్దేరాలి. మేం ఖమ్మంలో టిఫిన్లు కానిచ్చి కారెక్కేసరికే ఎనిమిది దాటింది. వెనక సీట్లో అమ్మ. మోకాళ్ల నొప్పులతో మూడేళ్లుగా ఊరు దాటలేదు. మధ్యాహ్నం గుడి తలుపులు మూసేలోపు రాముణ్ని చూడాలని ఆవిడ ఆశ. స్టీరింగ్ దగ్గర ఇంజినీరింగ్ చదివే మా మేనల్లుడు.

వైరా, తల్లాడ, ఏన్కూరు, జూలూరుపాడు... దారిపొడవునా వాడిది ఒకటే పాట, రోటరీ ఇంజిన్! ‘పిస్టన్ పైకీ కిందికీ కొట్టుకోవడం పాత పద్ధతి మామయ్యా. ఇందులో మూడు మూలల రోటర్ గుండ్రంగా తిరుగుతుంది. ఇంజిన్ చిన్నది, తేలిక, కుదుపే తెలీదు’ అన్నాడు. జర్మనీకి చెందిన ఫెలిక్స్ వాంకెల్ ఆలోచనతో పుట్టిన ఆ ఇంజిన్ 1957లో తొలిసారి తిరిగిందట. దాంతోనే జపాన్ కంపెనీ మాజ్దా 1991లో లెమాన్స్ 24 గంటల రేసు గెలిచిందట.

కొత్తగూడెంలో సింగరేణి బొగ్గు లారీలను, పాల్వంచలో థర్మల్ కేంద్రాన్ని దాటాక పెద్దమ్మతల్లి గుడి దగ్గర కొబ్బరికాయ కొట్టాం. అక్కణ్నుంచి అడవే. ఆకు రాల్చిన టేకు చెట్లు, కిటికీలోంచి ఇప్పపూల వాసన. కాసేపటికి బానెట్ కింద నుంచి ఆవిరి! కారు పక్కకు తీసి ఆపేశాం.

బైకు మీద వెళ్తున్న కుర్రాణ్ని ఆపి సాయం అడిగితే, అరగంటలో ఓ మెకానిక్‌ను వెంటబెట్టుకొచ్చాడు. ‘చల్లారనివ్వండి సార్, ఇప్పుడు మూత తీస్తే మొహం కాలుద్ది’ అన్నాడాయన. తర్వాత రేడియేటర్ గొట్టం పగిలిన కొస కోసేసి, మిగతాది లాగి బిగించి, నీళ్లు పోశాడు.

‘మీ రోటరీ అయితే?’ అన్నాను.

‘కష్టమే మామయ్యా’ అని ఒప్పుకున్నాడు మేనల్లుడు. రోటర్ మూలల్లో ఉండే సన్నటి సీళ్లు గోడను రాసుకుంటూ తిరగాలి. అవి అరిగితే ఇంజిన్ బలం పోతుంది. వాటిని తడిపేందుకు కొంత ఆయిల్‌ను లోపలే కాల్చాలి. కాబట్టి తరచూ పోస్తుండాలి. మంట ఎప్పుడూ ఒకవైపే, చల్లగాలి పీల్చేది మరోవైపు. అందుకే వేడి సమంగా ఉండదు. ఒక్కసారి బాగా వేడెక్కితే నీళ్లను ఆపే సీళ్లు చెడి ఇంజిన్ మొత్తం విప్పాల్సి రావచ్చు. మంట గది పొడవుగా, పలచగా ఉండటంతో పెట్రోలు పూర్తిగా కాలదు. మైలేజీ తక్కువ, కాలుష్యం ఎక్కువ. నెమ్మదిగా వెళ్లేటప్పుడు లాగే బలమూ తక్కువే.

1967లో ఎన్‌ఎస్‌యూ కంపెనీ తెచ్చిన ఆర్‌ఓ 80 మరుసటి ఏడాదికి యూరప్‌లో ఉత్తమ కారుగా ఎంపికైంది. కానీ ఇంజిన్లు వరసగా చెడిపోయి, వారంటీ ఖర్చులు కంపెనీని కుంగదీశాయి. 1969లో అది ఫోక్స్‌వ్యాగన్ చేతికి వెళ్లింది. 1973 చమురు సంక్షోభం మాజ్దానూ దెబ్బతీసింది. రోటరీతో నడిచిన ఆర్‌ఎక్స్-8 తయారీ 2012లో ఆగింది. 2023లో ఎంఎక్స్-30తో ఆ ఇంజిన్ మళ్లీ వచ్చినా, చక్రాలు తిప్పడానికి కాదు, బ్యాటరీకి కరెంటు అందించడానికే.

సారపాక దాటి 1965 నాటి వంతెన ఎక్కేసరికి ఒంటిగంటన్నర. గుడి మూసేశారు. మేనల్లుడి మొహం చిన్నబోయింది. అమ్మ మాత్రం గోదావరి గట్టున నీడ చూసుకుని కూర్చుంది.

‘రాముడు ఎక్కడికి పోతాడ్రా? తలుపులు తీశాకే చూద్దాం. ఆ మెకానిక్ అబ్బాయి అన్నం తిన్నాడో లేదో!’ అంది.

ఆ పూట దర్శనం బాగా జరిగింది. తిరుగు ప్రయాణంలో మేనల్లుడు రోటరీ ఊసెత్తలేదు. బయల్దేరే ముందు మాత్రం బానెట్ ఎత్తి, గొట్టాలన్నీ ఒక్కొక్కటే నొక్కి చూశాడు.