సముద్రం కనపడని రేవు

బందరులో రైలు దిగినవాడికి సముద్రం కనపడదు. హోరు కూడా వినపడదు. పట్టాలు అక్కడితో అయిపోతాయి కాబట్టి నేల కూడా అయిపోయిందనుకుంటాం. కానీ కెరటం చూడాలంటే ఇంకా పది కిలోమీటర్ల పైచిలుకు ప్రయాణం చేసి మంగినపూడి వెళ్ళాలి. దారంతా చవిటి నేలలు, చెరువులు, సర్కారు తుమ్మ. తీరా అక్కడికి చేరి కాలు పెడితే పాదం నల్లటి రేగడిలో దిగబడుతుంది. కెరటాలు చిన్నవి. లోపలికి ఎంత నడిచినా నీళ్ళు ఓ పట్టాన మోకాలు దాటవు. విశాఖ తీరం చూసిన కళ్ళతో వచ్చినవాళ్ళు, ఇదేం బీచండీ అని మొహం చిట్లిస్తారు. నాకు మాత్రం ఆ బురద ఇష్టం. ఈ ఊరి కథంతా ఆ లోతులేని నీళ్ళలోనే ఉంది.

గోల్కొండ సుల్తానుల రోజుల్లో దక్కనుకు సముద్ర ద్వారం ఇదే. పారశీక వర్తకులు ఇక్కడే దిగి గోల్కొండ వెళ్ళేవారు. డచ్చివాళ్ళు వచ్చారు. 1611లో ఇంగ్లీషువాళ్ళు వచ్చి వర్తకశాల పెట్టుకున్నారు. అప్పటికి చెన్నపట్నంలో వాళ్ళకు అంగుళం నేల లేదు. తర్వాత ఫ్రెంచివాళ్ళు. వాళ్ళంతా వెళ్ళిపోయినా వలందపాలెం, ఇంగ్లీషుపాలెం, పరాసుపేట అలాగే ఉన్నాయి. పాలవాడూ పోస్టుమానూ రోజూ పలికే పేర్లవి. ఇక్కడున్న చిన్న చెక్క మీద ఫ్రాన్సు హక్కు 1947 అక్టోబరు దాకా చెల్లింది. అంటే ఊరంతా స్వతంత్రమైన రెండు నెలలకు గానీ ఆ ముక్కకు స్వాతంత్ర్యం రాలేదు.

బందరుకోట వైపు వెళ్తే డచ్చివాళ్ళ సమాధులు కనిపిస్తాయి. పెద్ద పెద్ద రాతి పలకల మీద వంశ చిహ్నాలు, బారెడు శాసనాలు చెక్కి ఉన్నాయి. అంత శ్రద్ధగా రాళ్ళు చెక్కించుకున్నవాళ్ళు ఈ ఊరు ఎప్పటికీ ఇలాగే వెలుగుతుందనే అనుకుని ఉంటారు. 1864 నవంబరు 1 రాత్రి ఉప్పెన వచ్చింది. సుమారు 30 వేల మంది పోయారు. మరుసటి ఏడాది తెల్లవాళ్ళు కోటలోని దండును ఎత్తేశారు. ఓడలు పెద్దవవుతున్న కొద్దీ ఈ లోతులేని రేవు వాటికి చాలలేదు. దూరంగా లంగరు వేసుకుంటే సరుకు పడవల మీద మోసుకు రావాలి. ఆ వర్తకమంతా క్రమంగా కాకినాడకు, విశాఖకు తరలింది. పక్కనే బెజవాడ చూస్తుండగానే పెరిగి పెద్దదైంది. కృష్ణా జిల్లాకు కచేరీ మాత్రం బందరులోనే ఉండిపోయింది. పెద్ద ఊరి నుంచి చిన్న ఊరికి జనం దరఖాస్తులు పట్టుకుని వచ్చే వింత ఏళ్ళకేళ్ళు నడిచి, 2022లో జిల్లాను విడదీశాక గానీ ఆగలేదు. ఇప్పటికీ బెజవాడలో పెద్ద రోడ్డును పాతతరం బందరు రోడ్డనే అంటుంది.

రేవు పోయిన ఊళ్ళు మన తీరంలో ఇంకా ఉన్నాయి. మోటుపల్లి పేరు చరిత్ర పుస్తకంలో తప్ప ఎవరికి గుర్తుంది? బందరు అలా కాలేదు. ఓడలు వచ్చినన్నాళ్ళూ దూరదేశాలకు పనికొచ్చే వస్తువు చెయ్యడం నేర్చుకుంది. రావడం మానేశాక కూడా ఆ చెయ్యి ఊరుకోలేదు. 1902లో కృష్ణాపత్రిక పుట్టింది ఇక్కడ. 1910లో ఆంధ్ర జాతీయ కళాశాల వెలిసింది. హిందూ హైస్కూల్లో చెళ్ళపిళ్ళ వెంకటశాస్త్రి తెలుగు చెప్తుంటే విశ్వనాథ సత్యనారాయణ, పింగళి లక్ష్మీకాంతం లాంటివాళ్ళు బెంచీల మీద కూర్చుని విన్నారు. ఒక్క బడికి ఇంతకన్నా ఏం కావాలి? వైద్యుడైన భోగరాజు పట్టాభి సీతారామయ్య 1923లో ఈ ఊళ్ళోనే ఆంధ్రా బ్యాంకు పెట్టారు. 2020లో దాన్ని యూనియన్ బ్యాంకులో కలిపేశారు. ఆ బోర్డు దిగిపోయినందుకు నాకు ఇప్పటికీ బాధగానే ఉంది.

ఈ ఊరి చెయ్యి ఎలాంటిదో చూడాలంటే పెడన వెళ్ళాలి. బందరు పక్కనే ఉంటుంది. కలంకారీ అద్దకం అక్కడ వీధివీధినా కనిపిస్తుంది. గుడ్డను ముందు కరక్కాయ కలిపిన గేదె పాలలో నానబెట్టి ఎండేస్తారు. తుప్పు పట్టిన ఇనుమూ బెల్లమూ నీళ్ళలో రోజుల తరబడి ఊరబెట్టి నలుపు తయారుచేస్తారు. టేకు చెక్క అచ్చును అందులో ముంచి, గుడ్డ మీద పెట్టి, పిడికిలితో ఒక్క పోటు పొడుస్తారు. పక్కన మళ్ళీ పెట్టి మళ్ళీ పోటు. గీత గీతకు అతకాలి, వెంట్రుకవాసి జరిగినా తీగ తెగిపోతుంది. నేను నిలబడి చూసినంతసేపూ ఆ అద్దకం పనివాడు గీత గీసుకోలేదు, కొలత పెట్టుకోలేదు. నన్ను ఆశ్చర్యపరిచింది ఎరుపు. ఎరుపు రావాల్సిన చోట వాళ్ళు అద్దేది పటిక నీళ్ళు. ఆ గుడ్డను కాలవలో ఉతికి, మంజిష్ఠ లాంటి వేళ్ళూ చెక్కలూ వేసిన రాగి కాగులో మరిగిస్తే పటిక తగిలిన చోట మాత్రమే ఎరుపు పట్టుకుంటుంది. తక్కిన గుడ్డకు అంటిన మరకను ఉతికి, ఎండేసి వదిలిస్తారు. ఉతుకు పారే నీళ్ళలోనే సాగాలి. నిలవ నీళ్ళలో ముంచితే ఊడిన రంగు తెల్లని చోట్లకు ఎక్కుతుంది. కాలవలో నీళ్ళు లేకపోతే పని లేదు. 17వ శతాబ్దంలో పర్షియాకూ ఐరోపాకూ ఓడలకొద్దీ వెళ్ళిన గుడ్డ ఇదే.

చిలకలపూడి సంగతి వేరు. అక్కడ చేసేది బంగారం కాని బంగారం. రాగి మీద, ఇత్తడి మీద బంగారు పూత పూసి గొలుసులు, గాజులు, జూకాలు, అమ్మవార్ల కిరీటాలు చేస్తారు. ఇంటి అరుగుల మీద కూర్చుని ఆడవాళ్ళు రాళ్ళు అతికిస్తుంటారు. రోల్డ్ గోల్డని కొందరు తేలిగ్గా తీసేస్తారు. తులం కూడా కొనలేని ఇంట్లో ఆడపిల్ల పెళ్ళిపీటల మీద కళకళలాడుతూ కూర్చుంటే, దాని వెనక ఈ అరుగుల కష్టం ఉంది. అది తక్కువ సంగతి కాదు. అదే పేటలో పాండురంగడి గుడి ఉంది. పండరిలో లాగానే ఇక్కడా భక్తులు గర్భగుడిలోకి వెళ్ళి స్వామి పాదాలు ముట్టుకుని మొక్కుకోవచ్చు. కార్తీక పౌర్ణమికి జనం తండోపతండాలుగా వచ్చి, మంగినపూడిలో సముద్రస్నానం చేసి స్వామిని చూసిపోతారు. ఊరూ సముద్రమూ మళ్ళీ చుట్టాలైపోయే రోజది.

ఇక లడ్డూ. బూందీ చుట్టి ఊరుకుంటే బందరువాళ్ళ మనసొప్పదు. శనగపిండితో పూస చేసి నేతిలో వేయించి, రోట్లో వేసి దంచి, జల్లించి, బెల్లం పాకంలో కలిపి మళ్ళీ దంచుతారు. నెయ్యి పోస్తూ, పిండి నలిగి వెన్నలా అయ్యేదాకా దంచుతూనే ఉంటారు. తొక్కుడు లడ్డూ అన్న పేరు అందుకే వచ్చింది. నోట్లో వేసుకుంటే పలుకు తగలకూడదు, పళ్ళకు పని ఉండకూడదు. 2017లో దీనికి భౌగోళిక గుర్తింపు వచ్చింది. ఇంత చాకిరీ ఒక్క మిఠాయి కోసమా అని బయటివాళ్ళకు అనిపించవచ్చు. బందరులో ఆ ప్రశ్న పుట్టదు.

2023 మే నెలలో మంగినపూడి పక్కన కొత్త పోర్టు పనులు మొదలయ్యాయి. ఓడలు మళ్ళీ రావాలని ఈ ఊరు నూరేళ్ళకు పైగా ఎదురుచూసింది. రావాలనే నేనూ కోరుకుంటున్నాను. కాకపోతే ఓడలు వచ్చేసరికి ఎక్కించడానికి బందరు సరుకు మిగిలి ఉండాలి కదా. పెడన అద్దకానికి ఇవాళ పెద్ద దెబ్బ స్క్రీన్ ప్రింటు. అవే తీగలు, అవే నెమళ్ళు, రసాయన రంగుల్లో గంటలో తయారై, కలంకారీ పేరుతోనే సగం ధరకు షాపుల్లో వేలాడుతున్నాయి. ఈసారి కలంకారీ చీర కొనేటప్పుడు, అచ్చులతో అద్దిందా, స్క్రీన్ ప్రింటా అని షాపువాణ్ణి గట్టిగా అడగండి. వీలైతే పెడన వెళ్ళి, అద్దినవాళ్ళ దగ్గరే కొనండి.