కొలత కోరినవారి కొలత

ఆంధ్రప్రదేశ్ పట్టణాలలో 2021 నుండి ఇంటి పన్నును అద్దె విలువను బట్టి కాక, ఆస్తి మూలధన విలువను బట్టి నిర్ణయిస్తున్నారు. కనుక నోటీసులో ఎన్ని చదరపు అడుగులు రాశారన్నది చిన్న విషయం కాదు. అక్కడ దొర్లిన తప్పు ఏటేటా మన వెంట వస్తుంది. అయినా మన ఇళ్లలో చాలామంది చివరి అంకె మాత్రమే చూసి, నిట్టూర్చి, డబ్బు సర్దుకుంటారు.

మాకు వచ్చిన నోటీసులో కట్టడం 880 చదరపు అడుగులని ఉంది. మా ఇల్లు 20 అడుగుల వెడల్పు, 36 అడుగుల పొడవు, అంటే 720. ముందున్న 8 అడుగుల వాకిలికి కప్పు లేదు, ఎండా వానా నేరుగా పడతాయి. దానినీ కట్టడంలో కలిపేశారు.

పొరుగున ఉండే పెద్దాయన మేలు కోరే అన్నారు: "హజ్రత్, అర్జీలు పట్టుకొని తిరగడం మీకెందుకు? ఎవరికి ఎంత ఇవ్వాలో నేను మాట్లాడతాను." హక్కు దక్కడానికి వేరే దారే లేనివాని విషయం ఫుకహాలు విడిగా చర్చించారు, నిజమే. ఇక్కడ దారి నోటీసులోనే రాసి ఉంది: కమిషనర్‌కు అర్జీ, దానికి గడువు. సున్నితంగా వద్దన్నాము.

అసలు చిక్కు ఇంట్లోనే వచ్చింది. డాబాపై ఉన్న రేకుల గది, 90 చదరపు అడుగులు, వారి లెక్కలోకి రానేలేదు. కొలిచినవారు మెట్లెక్కలేదు. "అబ్బాజాన్, అది మనమెందుకు చెప్పాలి? అడిగితే చెబుదాం" అన్నాడు పెద్దబ్బాయి. మద్రసా జీతంతో నడిచే ఇంట్లో ఆ మాటకు బరువు లేకపోలేదు. కాని సూరా ముతఫ్ఫిఫీన్ పాఠంలో, తక్కెడ అంటే దుకాణంలో ఉండేది మాత్రమే కాదని పిల్లలకు ఏళ్ల తరబడి చెబుతున్నాము. అధికారి టేపు సరిగా ఉండాలని అడిగే మా టేపు ఎలా ఉండాలి? వాడు ఒప్పుకోలేదు, అయినా పైకి వచ్చి టేపు రెండో కొస పట్టుకున్నాడు.

అర్జీ ఒక్క పేజీ. కింద 720, పైన 90, మొత్తం 810 అని రాసి, నోటీసు, దస్తావేజు, పాత రసీదుల నకళ్లు, చేత్తో గీసిన కొలతల పటం, వాకిలి ఫొటో జతచేశాము. మా వద్ద ఉంచుకున్న ప్రతిపై అందినట్లు ముద్ర, తేదీ వేయించుకున్నాము. ఆ ముద్ర లేకపోతే, అర్జీ గడువులోగా ఇచ్చామని రేపు ఎలా చూపుతాము?

తిరిగి కొలవడానికి వచ్చిన ఉద్యోగిని వాకిలిలో నిలబడి తలెత్తి ఆకాశం చూసి నవ్వారు. పైగది మేమే చూపుతుంటే, "ఇదీ రాసుకోమంటారా?" అని రెండుసార్లు అడిగారు.

సవరించిన నోటీసులో 810 ఉంది. తగ్గినది 70 అడుగులే. ఆ 90 గురించి మా అబ్బాయి ఇంకా గొణుగుతూనే ఉన్నాడు. పన్ను మాత్రం ఈసారి వాడే వెళ్లి కట్టి వచ్చాడు.